మూడో మనిషి ఖాళీ సమయం

సిమ్యులేషన్ అన్న మాటని తెలుగులో ఏమనాలన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. 'అనుకరణ' అంటే అర్థం సరిపోతుంది గానీ, ఆ మాట వినగానే మనకి వెక్కిరింపో, కాపీ కొట్టడమో స్ఫురిస్తుంది. 'ప్రతిరూపణ' అందామంటే అద్దంలో బొమ్మలా కదలకుండా నిలబడిపోయినట్టుంటుంది. సిమ్యులేషన్‌కి కదలికే ప్రాణం. ఆ మాటా ఈ మాటా తిరగేసి చివరికి అనుకరణ దగ్గరికే వచ్చాను. దానికి కారణం నేరెళ్ళ వేణుమాధవ్ గారు. ఆయన కళని మనవాళ్ళు ధ్వన్యనుకరణ అన్నారు. ఆయన ఒక నటుడి గొంతు పలికిస్తున్నప్పుడు ఆ నటుడి ఎత్తు గానీ, రంగు గానీ, వేషం గానీ వేదిక మీద ఉండవు. మాట విరుపు, ఊపిరి తీసుకునే చోటు, ఒక అక్షరం మీద పడే బరువు - ఇలాంటివి రెండో మూడో ఉంటాయంతే. హాలులో ఉన్నవాళ్ళకి మాత్రం ఆ మనిషే ఎదురుగా కనిపిస్తాడు. ఏది పట్టుకోవాలో, ఏది వదిలెయ్యాలో తెలిసిన అనుకరణ అది. కంప్యూటరుతో ఒక కర్మాగారాన్ని అనుకరించడమూ సరిగ్గా అటువంటిదే కాబట్టి, ఇక్కడ ఆ మాటనే వాడతాను. ఇంతకంటే మంచి మాట తట్టినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

నేను చదివింది పారిశ్రామిక ఇంజనీరింగు. ఈ శాఖ ఏమిటో బంధువులకి వివరించడం నా వల్ల ఎన్నడూ కాలేదు. మా పెదనాన్నగారు చివరిదాకా నేను మోటార్లు బాగుచేస్తాననే అనుకున్నారు. పెళ్ళిళ్ళలో పంపుసెట్టు సలహాలు కూడా అడిగేవారు. యంత్రాన్ని బాగుచేసేవాడు వేరు. ఆ యంత్రం దగ్గర సరుకు ఎందుకు పేరుకుంటోంది, పక్క యంత్రం దగ్గర మనిషి ఎందుకు ఖాళీగా కూర్చున్నాడు, ఇంకొకటి కొనాలా అక్కర్లేదా అని ఆలోచించేవాడు వేరు. ఈ రెండో రకం ప్రశ్నలు చూడటానికి ఐదో తరగతి లెక్కల్లా ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మా మాష్టారు అనుకరణ పాఠం మొదలుపెట్టిన రోజున కంప్యూటరు గది తాళం తియ్యలేదు. రెండు డబ్బాల్లో చీటీలు తెచ్చారు. మొదటి డబ్బాలో 8, 10, 12 అని రాసిన చీటీలు సమానంగా ఉన్నాయి. ఒక పని వచ్చాక తరవాతి పని ఎన్ని నిమిషాలకి వస్తుందో అవి చెబుతాయి. రెండో డబ్బాలో 6, 9, 12. ఒక పని పూర్తి కావడానికి పట్టే నిమిషాలు. సగటున 10 నిమిషాలకొక పని వస్తుంది, సగటున 9 నిమిషాల్లో అయిపోతుంది. "వరుస ఏర్పడుతుందా?" అని అడిగారు. తరగతిలో సగంమంది ఏర్పడదన్నారు. పదికి తొమ్మిది ఖర్చయితే ఒకటి మిగులుతుంది కదా!

చీటీలు తీయడం మొదలుపెట్టాం. మొదటి పని సున్నా నిమిషానికి వచ్చింది. 12 నిమిషాలు పట్టింది. రెండోది 8వ నిమిషానికి వచ్చి నాలుగు నిమిషాలు ఆగింది. దానికీ 12 పట్టి 24కి పూర్తయింది. మూడోది 18వ నిమిషానికి వచ్చి ఆరు నిమిషాలు ఆగింది. 6 నిమిషాల్లో, అంటే 30కి, అయిపోయింది. నాలుగోది సరిగ్గా 30కే వచ్చి 36కి ముగిసింది. ఐదోది 42కి గానీ రాలేదు. మధ్యలో ఆరు నిమిషాలు యంత్రం ఊరికే ఉంది.

మాష్టారు ఆ ఆరు నిమిషాల చుట్టూ సున్నా చుట్టి, "వీటిని ఎక్కడ దాచుకుంటారు?" అన్నారు.

అప్పటికి నాలుగు నెలలుగా సంభావ్యతా సిద్ధాంతం చదువుతున్నాం. ఆ నాలుగు నెలల్లో బోధపడనిది ఆ ప్రశ్నతో బోధపడింది. ఖాళీగా పోయిన నిమిషాన్ని డబ్బులా దాచుకుని, తరవాత రద్దీ వచ్చినప్పుడు తీసి వాడుకోలేం. పోయింది పోయినట్టే. ఆలస్యం మాత్రం పోదు. వెనక వచ్చే ప్రతి పనిమీదా బాకీలా పడుతుంది. సగటులు తీసి కూడికలు వేసే లెక్క, ఖాళీ సమయాన్ని దాచుకోవచ్చని నోరు విప్పకుండానే ఒప్పుకుంటుంది. అందుకే ఆ లెక్కలో వరుస ఎన్నడూ కనిపించదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే టెలిఫోను పిలుపుల మీద దీనికి గణితం రాశాడు. రాకలూ, పని సమయాలూ పూర్తి యాదృచ్ఛికంగా ఉండి, యంత్రం 80 శాతం సమయం పనిలో ఉంటే వరుసలో సగటున 3.2 పనులు ఆగి ఉంటాయి. 90 శాతమైతే 8.1. 95 శాతమైతే 18. యంత్రాన్ని 'పూర్తిగా వాడుకుంటున్నాం' అని మనం సంతోషించే కొద్దీ వరుస కొండలా పెరుగుతుంది. 1961లో కింగ్‌మన్ ఇచ్చిన సూత్రం ఇంకో సంగతి చెబుతుంది: ఎంతసేపు ఆగాలన్నది, రాకల్లోని ఎగుడుదిగుడుల మీదా, పని సమయంలోని ఎగుడుదిగుడుల మీదా సమానంగా ఆధారపడుతుంది. తిరుమలలో దర్శన సమయం ముద్రించిన టోకెను చేతికిస్తే స్వామి ముందు నిలబడే క్షణాలేమీ పెరగవు. కంపార్టుమెంట్లలో కూర్చునే గంటలు తగ్గుతాయి. అక్కడ తగ్గించింది రాకల్లోని ఎగుడుదిగుడునే.

మరి సూత్రాలుండగా అనుకరణ ఎందుకు? సూత్రాలు నీటుగా దువ్వుకున్న ప్రపంచానికి సరిపోతాయి. భోజన విరామం, మధ్యలో ఆగిపోయిన కంప్రెసరు, 'అర్జంటు' అని ఎర్ర చీటీ అంటించి ముందుకు తోసిన సరుకు - ఇవన్నీ కలిస్తే సూత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు మాష్టారి రెండు డబ్బాలనీ కంప్యూటరులో పెట్టి, వంద రోజుల పనిని నిమిషంలో నడిపించి చూడటం తప్ప దారి ఉండదు.

ఈ దారి తొక్కినవాళ్ళ కథలు సరదాగా ఉంటాయి. 1946లో స్టానిస్లా ఉలాం జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుతున్నాడు. ఆట నెగ్గే అవకాశమెంతో గణితంతో తేల్చబోయి, అది తెమలక, వంద ఆటలు ఆడి లెక్కపెడితే పోలేదా అనుకున్నాడు. ఆ ఆలోచనే ఫాన్ నోయ్‌మన్ దగ్గరికి వెళ్ళి మాంటె కార్లో పద్ధతి అయింది. కర్మాగారాల సంగతి కొస్తే, బ్రిటన్‌లో ఉక్కు పరిశ్రమలో పనిచేసిన టోచర్ 1960 ప్రాంతంలోనే ఇందుకోసం ఒక ప్రోగ్రాము తయారుచేశాడు. 1963లో ఈ కళ మీద పుస్తకమూ రాశాడు. ఐబిఎంలో జెఫ్రీ గోర్డన్ 1961లో జిపిఎస్ఎస్ అనే భాష తెచ్చాడు. సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్న మిత్రులకి ఇంకో ముక్క చెప్పాలి. మీరు రోజూ రాసే క్లాసులూ ఆబ్జెక్టులూ పుట్టింది ఈ ఇంట్లోనే. ఓస్లోలో దాల్, నైగార్డ్ అనే ఇద్దరు వరుసలనీ, వాటిలో కదిలే వస్తువులనీ వర్ణించడానికి సిములా అనే భాష కట్టారు. సిములా 67లోని క్లాసుని చూసే సి++ పుట్టింది. అంటే మీ ఆబ్జెక్టులన్నీ ఒకప్పుడు ఎక్కడో వరుసలో నిలబడినవాటి మనవలే.

ఇక గాజువాక.

1998లో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం విశాఖపట్నంలో గాజువాక దగ్గర వాల్వులు తయారుచేసే ఒక చిన్న కర్మాగారానికి వెళ్ళాను. అసెంబ్లీ అయిన ప్రతి వాల్వునీ నీటి ఒత్తిడితో పరీక్షించాలి. నీళ్ళు నింపి, ఒత్తిడి పెంచి, నిర్ణీత సమయం ఆపి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి. కారితే బోల్టులు బిగించి మళ్ళీ మొదటినుంచీ. ఆ పరీక్షకి మూడు బెంచీలు, ముగ్గురు మనుషులు. మేనేజరు గారు నన్ను చూడగానే లెక్క చెప్పారు. టీ, భోజనం తీసేశాక సగటున పది నిమిషాలకొక వాల్వు వస్తుంది. పరీక్షకి సగటున 19 నిమిషాలు. ముగ్గురుంటే ప్రతి పది నిమిషాలకీ 30 మనిషి-నిమిషాలు చేతిలో ఉన్నట్టు. ఖర్చయ్యేవి 19. ఇద్దరుంటే 20, ఇంకా ఒక నిమిషం మిగులే. "ఎప్పుడు వెళ్ళినా ఒకడు బల్లమీద కూర్చునే ఉంటాడండీ. మీ కంప్యూటరుతో ఒక కాగితం రాసిస్తే హెడ్డాఫీసుకి పంపిస్తాను" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాడు. లెక్కా తప్పుల్లేని లెక్కే. ముగ్గురిలో చిన్నవాడు టెంపరరీ. పేరు తీసెయ్యడానికి నోటీసు కూడా అక్కర్లేదు. ఏడాది క్రితమే పెళ్ళయింది. ఈ వివరాలు ప్రోగ్రాములోకి వెళ్ళవు. కానీ నా కాగితం ఎవరి మీద పడబోతోందో మొదటిరోజే తెలిసిపోయింది.

స్టాప్‌వాచీ పట్టుకుని బెంచీ పక్కన నిలబడ్డాను. ముగ్గురిలో పెద్దాయన ఒక వాల్వు అయ్యేదాకా ఓపిక పట్టి, "ఆ గడియారం అలా పట్టుకుని నిలబడితే నాకు చెయ్యి ఆడదు బాబూ. జేబులో ఎట్టేసి కూకో, నానే చెప్తాను" అన్నాడు. గడియారాన్ని చూసి కార్మికుడి చెయ్యి మారిపోతుందన్నది టేలర్ కాలం నుంచీ మా శాఖ మోస్తున్న పాత బరువు. పెద్దాయన బల్ల సొరుగులోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీశాడు. ఏ వాల్వు ఎప్పుడు ఎక్కించిందీ, ఎప్పుడు దించిందీ, కారితే ఎన్నిసార్లు బిగించిందీ, నాలుగేళ్ళుగా ఆయన దస్తూరీలోనే ఉంది. ఏదైనా వాల్వు వెనక్కి తిరిగొస్తే తమ మీదకి రాకుండా ఉండటానికి రాసుకున్నాడట. నేను సొంతంగా నెలరోజులు నిలబడినా అంత మంచి సమాచారం దొరికేది కాదు.

ఆ రిజిస్టరులో 19 అనే అంకె దాదాపు ఎక్కడా లేదు. 12, 13, 14 చాలా ఉన్నాయి. ఆ పైన 30లు, 40లు. కారని వాల్వు త్వరగా దిగిపోతుంది, కారినది రెండింతలో మూడింతలో తింటుంది. ఏ ఒక్క వాల్వుకీ పట్టని సమయమే వాటన్నిటికీ సగటు. రాకల సంగతీ అంతే. పది నిమిషాలకొకటి అని సూపర్వైజరు చెప్పింది కాగితం మీది మాట. పెద్దాయన చెప్పింది వేరు: "ఒంటిగంట కొట్టబోతుంటే అసెంబ్లీ వోళ్ళు చేతిలో ఉన్నవన్నీ ట్రేలో ఎట్టి ఒక్కసారే తోసేస్తారు బాబూ. సాయంత్రం బండి దిగే ముందూ అంతే." మాష్టారి డబ్బాలో చీటీలు ఎవరు రాస్తారన్న ప్రశ్నకి జవాబు తరగతిలో దొరకలేదు, ఆ బల్ల దగ్గర దొరికింది.

ప్రోగ్రాముని సి భాషలో రాశాను. పెద్ద కష్టమేమీ కాదు. అనుకరణలో గడియారం టిక్కుటిక్కుమంటూ నడవదు. ఒక సంఘటన నుంచి తరవాతి సంఘటనకి దూకుతుంది. జరగబోయేవాటి జాబితా ఒకటి సమయం వారీగా పేర్చి ఉంచుకుంటే చాలు. యాదృచ్ఛిక సంఖ్యల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మన తాతలకి గవ్వలుండేవి. టిప్పెట్ 1927లో 41,600 అంకెల పట్టికే అచ్చువేశాడు. కంప్యూటరుకి గవ్వలు లేవు, సూత్రంతో పుట్టించిన సంఖ్యలే దిక్కు. 1960లలో ఐబిఎం యంత్రాలతో ప్రపంచమంతా పాకిన రాండు అనే సూత్రం చూడటానికి అమాయకంగా ఉండేది. దాని సంఖ్యల్ని మూడేసి చొప్పున తీసి బిందువులుగా గీస్తే అవన్నీ కేవలం 15 తలాల మీదే పడతాయి. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసినవాళ్ళు ఎందరో!

ముందుగా, జవాబు తెలిసిన సమస్యనే ప్రోగ్రాముకి ఇచ్చి చూశాను. పూర్తి యాదృచ్ఛికమైన రాకలూ, పని సమయాలూ అనుకుంటే ముగ్గురికి ఎర్లాంగ్ సూత్రం చెప్పే సగటు వరుస 0.7 వాల్వు, ఇద్దరికి 17.6. అంటే ముగ్గురున్నప్పుడు ఒక వాల్వు బెంచీ కోసం ఆగేది సగటున ఏడు నిమిషాలు. ఇద్దరైతే దాదాపు మూడు గంటలు. ఒక్క మనిషి తేడాకి వరుస పాతిక రెట్లు. ప్రోగ్రాము ఆ అంకెలనే ఇచ్చింది. ఆ తరవాత రిజిస్టరులోని అసలు సమయాలూ, ఒంటిగంట ట్రేలూ పెట్టాను. అంకెలు మారాయి, ఆ రెండింటి మధ్య అగాధం అలాగే ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. అసలు పరుగులకి ముందు రాత్రి, ఏ జవాబు రావాలో నా మనసు అప్పటికే కోరుకుంటోంది. పరీక్షకి సగటున 13 నిమిషాలే పట్టే కర్మాగారమైతే, ఇద్దరితో వరుస ఒక్క వాల్వు దగ్గరే ఆగిపోతుంది. 'ఇద్దరు చాలు' అనే నేను రాయాల్సి వచ్చేది. అనుకరణకి దయాదాక్షిణ్యాలు లేవు. చేసేవాడికి ఉంటాయి కాబట్టి, విత్తనం మారుస్తూ, పరుగుల సంఖ్య పెంచుతూ తగ్గిస్తూ నచ్చిన బొమ్మ తెచ్చుకోవడం ఎంత తేలికో ఈ పని చేసినవాళ్ళందరికీ తెలుసు. అందుకని ముందే నోటుపుస్తకంలో రాసుకున్నాను: 30 పరుగులు, ఒక్కొక్కటి 25 పనిదినాలు, ఏ ఏ విత్తనాలతో, ఏమేమి కొలవాలి. తేదీ వేసి మాష్టారి చేత సంతకం పెట్టించాను. ఈ విద్యలో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ వదలకుండా పాటిస్తున్నది ఇదే.

మేనేజరు గారు ఈలోగా ఇంకో ఉపాయం ఆలోచించారు. "ఈ గొడవంతా ఎందుకండీ, రెండు రోజులు ఇద్దరితో నడిపి చూస్తే పోలేదా?" ఎవరికైనా న్యాయంగా తోచే మాట. అనుకరణ విలువ నాకు పూర్తిగా తెలిసింది ఆ మాటకి జవాబు వెతికినప్పుడే. ఖాళీ బెంచీలతో మొదలుపెట్టి రెండేసి రోజులు నడిపిన పరుగుల్ని విడిగా తీసి చూశాను. కొన్నిట్లో రెండో సాయంత్రానికి నాలుగైదు వాల్వులే మిగిలాయి. కొన్నిట్లో ఇరవై దాటాయి. మనిషి తీరికలేకుండా ఉండే వ్యవస్థ తన అసలు రూపం చూపించడానికి వారాలు తీసుకుంటుంది. ఆ రెండు రోజులు కలిసొచ్చినవైతే మూడో మనిషిని పంపించేసేవారు. నెల తిరిగేసరికి వాల్వులు నడవలోకి పాకేవి. అప్పటికి ఈ లెక్క ఎవరికీ గుర్తుండేది కాదు; మిగిలిన ఇద్దరూ చెయ్యి నెమ్మదించారనేవారు. నిజమైన రోజుని ఒక్కసారే జీవించగలం, అది మంచిరోజో చెడ్డరోజో ఆ రోజుకి తెలియదు. ప్రోగ్రాములో దాన్ని ముప్ఫై రకాలుగా జీవించవచ్చు.

డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీద ముప్ఫై గీతలూ ఒకే కాగితం మీద అచ్చువేసి తీసుకెళ్ళాను. ముగ్గురితో నడిపిన గీతలు అడుగున గడ్డిలా ఉన్నాయి. ఇద్దరితో నడిపినవి తలోదారినా పోయాయి. కొన్ని పైకెళ్ళి కిందికి దిగాయి, కొన్ని దిగనే లేదు. మేనేజరు గారు చాలాసేపు చూశారు. ఒక గీత మీద వేలుపెట్టి, "ఇది మార్చిలో మనకి అయిందే కదా?" అని సూపర్వైజరుని అడిగారు. మార్చిలో ఒకతను రెండు వారాలు జ్వరంతో రాలేదట. అప్పుడు డిస్పాచి ఎందుకు ఆలస్యమైందో హెడ్డాఫీసుకి రాసిన సంజాయిషీ ఉత్తరం ఇంకా ఆయన ఫైలులోనే ఉంది.

మూడో మనిషి ఉండిపోయాడు. అతను కూర్చుని ఉండటం మాత్రం ఆయన కంటికి చివరిదాకా నచ్చలేదు. దానికి ఉపాయం పెద్దాయనే చెప్పాడు: వాల్వు రాగానే ఎక్కడికక్కడ వదిలెయ్యగల పని ఏదైనా ఇవ్వండి. గాస్కెట్లు కోయడం, గేజీలు తుడిచి సరిచూడటం వగైరా ఆ బల్ల దగ్గరికి చేరాయి. ఇందులో మెలిక లేకపోలేదు. వదలలేని పని ఇస్తే ఖాళీ సమయం మళ్ళీ మాయమవుతుంది, వరుస మళ్ళీ లేస్తుంది. ఆ నియమం రాసిపెట్టమన్నాను. ఎన్నాళ్ళు పాటించారో మరి.

ఈ విద్య నేర్చుకుంటామని ఇప్పుడు అడిగే పిల్లలకి సాధనాల కొరత లేదు. పైథాన్ వచ్చినవాళ్ళకి సిమ్‌పై అనే గ్రంథాలయం 2002 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. మేము వారాలపాటు రాసిన సంఘటనల జాబితా అందులో ముందే కట్టి ఉంది. తెరమీద బొమ్మలు కదిలే పెద్ద సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. బొమ్మలు కదిలితే చూసేవాళ్ళు నమ్మేస్తారు, అది నాకు కొంచెం భయమే. ముందు పది చీటీలతో కాగితం మీద ఒక పట్టిక వేసి తెమ్మంటాను. తెచ్చినవాళ్ళు కొందరే.

గాజువాకలో నా పని అక్కడితో అయిపోలేదు. ఆ కాగితం చూసిన వారానికి మేనేజరు గారే కబురుపెట్టారు. ఒంటిగంటకి ట్రే మొత్తం తోసెయ్యకుండా నాలుగేసి వాల్వులుగా పంపితే ఏమవుతుందో చూడమన్నారు. ప్రోగ్రాములో అది ఒక వరుస మార్పు. ఆగే సమయం బాగా తగ్గింది. అసెంబ్లీ వాళ్ళు ఒప్పుకోలేదు. ట్రాలీ ఒక్కటే ఉందట, దాన్ని తోసేవాడూ ఒక్కడేనట, ఒక్కసారికి బదులు మూడుసార్లు తిరగాలట. అంటే ట్రాలీ కూడా లెక్కలోకి రావాలి. నోటుపుస్తకం తీసుకుని, గడియారం జేబులోనే ఉంచి, ట్రాలీ అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళాను.